తుపాకీ గొట్టంలో నీలి మరక

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక తుపాకీ ఉండేది. తేనెటీగలు తరుముకొస్తే ఒక వేటగాడు దాన్నీ, దాని పెట్టెనీ వదిలేసి పారిపోయాడు. పెట్టె నిండా తూటాలు, ఒక ఇనుప చువ్వ, ఒక ఇత్తడి బ్రష్షు, కాసిని గుడ్డపేలికలు ఉన్నాయి.

అడవి సభవారు ఆ తుపాకీని భల్లయ్య అనే ఎలుగుబంటికి అప్పగించారు. రోజూ పొద్దు వాలే వేళ జింకలు ఏటికి నీళ్ళకు దిగుతాయి. అవతలి గట్టున రేచుకుక్కల గుంపు కాచుకుని కూర్చుంటుంది. భల్లయ్య ఆకాశంలోకి ఒక్క తూటా పేలుస్తాడు. కుక్కలు తోక ముడుస్తాయి, జింకలు నీళ్ళు తాగుతాయి. ఆ తర్వాత అతను గొట్టంలో వేణ్ణీళ్ళు పోసి, పొడిగుడ్డ తోసి, ఇప్పనూనె చుక్క రాసి పడుకుంటాడు.

ఇంత తేలిగ్గా జరిగిపోయే పనిని పెద్దలు ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటారు? సింహంగారు ఆయుధ శుభ్రతా సంఘం వేసి, జంబుకరావు అనే నక్కను దానికి అధ్యక్షుణ్ణి చేశారు.

"గొట్టం దేంతో కడుగుతున్నావయ్యా?" అని అడిగాడు జంబుకరావు.

"వేణ్ణీళ్ళతోనండి. కూర్మయ్య తాత చెప్పాడు. ఆయన చిన్నప్పుడు సిపాయిల బావిలో ఉండేవాడు. వాళ్ళూ అలాగే కడిగేవారట."

"బావిలో తాబేలు చెప్పిందని ఫైల్లో రాయమంటావా?"

మర్నాడే సమావేశం పెట్టారు. గొట్టం కడగడానికి అడవిపంది బురద మేలంది, కోతి కల్లు మేలంది, ఎలుక ఆముదం మేలంది. ఎవరింట్లో ఏది ఉంటే అది మేలు. చివరికి సుగంధరావు అనే పునుగుపిల్లి ఒక కుండ తెచ్చి మూత తీశాడు. సభ సభంతా ముక్కు మూసుకుంది.

"సొంత తయారీ అండి. వారం రోజులు మురగబెట్టాను," అన్నాడు. అందులో ఏముందో ఎవరూ అడగలేదు. వాసనే చెప్పింది.

ఇత్తడి బ్రష్షును అందులో ముంచి గొట్టంలో నాలుగుసార్లు ఆడించి, తెల్లగుడ్డ తోసి బయటికి లాగాడు. గుడ్డ నీలంగా వచ్చింది.

"తూటాకు రాగి పూత ఉంటుంది కదండీ. అది గొట్టానికి అంటుకుపోతుంది. నా మందు దాన్ని కరిగించి ఇలా నీలంగా లాగుతుంది. ఎంత మురికి పేరుకుందో చూడండి."

సభ్యులు భల్లయ్యను దొంగను చూసినట్టు చూశారు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా పూటకోసారి బ్రష్షు ఆడించాలనీ, అంతవరకు తుపాకీ పేల్చకూడదనీ తీర్మానించారు. సుగంధరావుకు కుండకో గంపెడు ఈతపళ్ళు. అందులో సగం అధ్యక్షులవారి గుహకే చేరేవని వేరే చెప్పాలా?

నెల గడిచింది. గుడ్డ నీలంగానే వస్తోంది. తుపాకీ మోత వినపడక రేచుకుక్కలు మొదటి వారం మోకాలి లోతు నీళ్ళలోకి దిగాయి, రెండో వారం ఏరు దాటాయి, ఇప్పుడు ఇవతలి గట్టు మీదే పడుకుంటున్నాయి. చుక్కమ్మ అనే జింక రెండు రోజులుగా నీళ్ళు ముట్టలేదు. పాలు ఎండిపోయాయి. పిల్ల నాలుక వేలాడేసింది.

ఆమె సంఘం ఆఫీసుకు వచ్చింది. "బాబుగారూ, ఒక్క తూటా పేల్చమనండి. నా బిడ్డ దక్కేలా లేదు."

"గుడ్డ ఇంకా తెల్లబడలేదమ్మా," అన్నాడు జంబుకరావు. "మురికి తుపాకీ పేలిస్తే అడవి పరువేం కావాలి?"

మూల కూర్చున్న కూర్మయ్య మెల్లగా లేచి, ఒక ఆకుదొప్పలో ఆ మందు పోసి, అందులో బ్రష్షు నిలబెట్టాడు. చూస్తుండగానే దొప్పలో మందు నీలమైంది.

"తుపాకీ అక్కడుంది, బ్రష్షు ఇక్కడుంది. మరి ఈ నీలం ఎక్కడిది నాయనా? ఇత్తడిలోనూ రాగే కదా. ఇన్నాళ్ళూ మీరు బ్రష్షును కరిగించి గుడ్డకు పూస్తున్నారు. గొట్టం ఎప్పుడో శుభ్రమైంది."

బ్రష్షు ఆడించడానికి వచ్చి కూర్చున్న భల్లయ్య తుపాకీ మీద చెయ్యి వేశాడు. జంబుకరావు గొంతు సవరించుకున్నాడు.

"అంటే బ్రష్షు కూడా మురికే అన్నమాట. దాన్ని కడగడానికి ఒక ఉపసంఘం వేద్దాం. అనుమతి లేకుండా ఆఫీసు బ్రష్షు ముట్టుకున్నందుకు కూర్మయ్యకు మెమో ఇవ్వండి."

నేనక్కడ ఉంటే ఆ నక్కను రెండు పీకేవాణ్ణి. అక్కడున్నవాళ్ళు మాత్రం చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం దాహం ఆపుకోలేక జింకపిల్ల ఏటికి పరుగెత్తింది. రేచుకుక్కలు వెంటపడ్డాయి. పెద్దలుంటారన్న నమ్మకంతో అది నేరుగా సంఘం ఆఫీసులోకి దూరింది. పెద్దలు తలో దిక్కుకూ దౌడు తీశారు. జంబుకరావు బల్ల కింద దూరాడు. సుగంధరావు పైకెక్కబోయి అటక మీది కుండలన్నీ తన్నేశాడు. నెల రోజులుగా మురిగిన మందు కుక్కల మొహాల మీద పడింది.

వాసనే బతుకుగా ఉండే జాతి అది. తుమ్ముకుంటూ, కళ్ళ నీళ్ళు కారుస్తూ ఏరు దాటి, రెండు కొండలు దాటి గానీ ఆగలేదు. జింకపిల్ల కూడా తుమ్మింది. కానీ బతికింది.

మర్నాడు సింహంగారు నిండు సభలో సుగంధరావుకు దండ వేశారు. సంఘం ముందుచూపు గురించి జంబుకరావు గంటసేపు మాట్లాడాడు. అప్పుడు చుక్కమ్మ లేచింది.

"ఇంత గొప్ప మందు కుండల్లో పెట్టడం ఎందుకు ప్రభూ? తయారుచేసే ఆయనే రోజూ పొద్దు వాలే వేళ ఏటి ఒడ్డున నిలబడితే తాజాగా ఉంటుంది. అధ్యక్షులవారు పక్కనే ఉండి పర్యవేక్షిస్తారు."

సభ మొత్తం సరేనంది. కుక్కల ఎదుట నిలబడాలనేసరికి సుగంధరావు దండ తీసి కింద పెట్టాడు. "ప్రభూ, నా మందులో ఏమీ లేదు. ఆ నీలం బ్రష్షుదే. తాత చెప్పిందే నిజం," అన్నాడు. జంబుకరావు కూడా అవునవునన్నాడు. సింహంగారు దాన్ని వినయం అనుకుని ఇద్దరికీ చెరో దండ వేశారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం వాళ్ళిద్దరూ ఏటి ఒడ్డున వణుకుతూ నిలబడతారు. జింకలు తీరిగ్గా నీళ్ళు తాగుతాయి. వెనక పొదలో భల్లయ్య వేణ్ణీళ్ళతో కడిగిన తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు. ఆ సంగతి వాళ్ళిద్దరికీ ఎవరూ చెప్పలేదు.

నీతి: పనికిరాని సరుకు అమ్మితే ప్రమాదమేమీ లేదు, అది పనికొస్తుందని తేలితేనే ప్రమాదం.