వియ్యంకుల పాస్ట్రామీ

ఆ ఆదివారం ఉదయం హార్వే ప్లాట్‌కిన్ వేసుకున్న పథకంలో లోపమన్నది లేదు. పదకొండుకి మన్‌హాటన్‌లోని గ్రుష్కో కొట్టు నుంచి పాస్ట్రామీ, అంటే మసాలా పట్టించి పొగబెట్టిన గొడ్డుమాంసం, వస్తుంది. పదకొండున్నరకి కాబోయే వియ్యంకుడు స్టాన్లీ మెల్నిక్ లాస్ ఏంజెలెస్ విమానం దిగి, తమ ఊరి బెర్లాండ్ కొట్టు పాస్ట్రామీని ఐసుపెట్టెలో మోసుకొస్తాడు. రెండింటినీ ఒకే రకం రై ధాన్యపు రొట్టెలో పెట్టి, ఒకే ఆవాల ముద్ద రాసి, ఏది ఎవరిదో చెప్పకుండా పేటలోని పెద్దాయన ఫైవెల్ లూబిన్‌గారి ముందుంచుతారు. ఆయన తిని తీర్పు చెబుతారు. గెలిచిన మాంసమే పెళ్ళిభోజనంలో ఉంటుంది. పన్నెండు కొట్టేసరికి మెల్నిక్ తల దించుకుని ఉంటాడు.

హార్వే పట్టుదల ఒక్క మాంసం కోసం కాదు. కూతురు టాలియా పెళ్ళికి హాలు మెల్నిక్‌లే కుదిర్చారు. బ్యాండు వాళ్ళదే, పూలు వాళ్ళవే. ఆఖరికి వధూవరుల తలల మీద పట్టే పందిరి గుడ్డ కూడా వాళ్ళ ముత్తవ్వదేనట. హార్వే అన్నిటికీ తలూపాడు. ఆడపిల్ల తండ్రిగా తనదంటూ మిగిలింది ఈ మాంసం ఒక్కటే. అదీ చెయ్యి జారితే సొంత కూతురి పెళ్ళిలో తానొక అతిథిలా మిగిలిపోతానన్న దిగులు అతనికి నిజంగానే ఉంది. అయితే జారదన్న ధీమా అంతకంటే ఎక్కువ ఉంది. ఏడాది పొడుగునా ఎండ కాసే ఊరివాళ్ళకి పొగబెట్టిన మాంసం సంగతి ఏం తెలుస్తుంది?

పోటీలో వంక పెట్టే సందు ఉండకూడదని అతను చాలా జాగ్రత్తలు తీసుకున్నాడు. షేవింగ్ లోషన్ వాసన తీర్పుకి అడ్డమని మూడు రోజులుగా గడ్డం గీయలేదు. ఫైవెల్‌గారు యూదుల ప్రార్థనాలయంలో నలభై ఏళ్ళు పాడిన మనిషి. గొంతు పోయినా నాలుక పోలేదని క్వీన్స్ పేటంతా ఆయనకి పేరు. ఆయన్ని వంటగదికి వీపు పెట్టించి కూర్చోబెడితే, ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో అన్నీ కనబడుతున్నాయి. అందుకని హార్వే అద్దం మీద దుప్పటి కప్పేశాడు. కుర్చీలు పెళ్ళికోసం కొత్త గుడ్డ వేయించడానికి వెళ్ళాయి కనుక పొట్టి పీటలు వేశాడు. మెల్నిక్ రెండు చేతులా పెట్టెతో వస్తాడని వీధి తలుపు తీసే ఉంచాడు. భార్య రోస్లిన్ రెండు రోజుల క్రితమే చెల్లెలింటికి వెళ్ళింది. తీర్పులో ఆవిడ వేలు పెట్టదు కాబట్టి అదీ మంచికేననుకున్నాడు.

పదకొండుకి గ్రుష్కో వ్యాన్ వచ్చి వెడల్పాటి పళ్ళెం దింపింది. ఎదురింటి టిల్లీ రాబ్‌కిన్ కిటికీలోంచి చూసింది. కొట్టు నుంచి అంత పెద్ద పళ్ళెం ఇంటికి వచ్చేది రెండే సందర్భాల్లో, సున్తీ, చావు. ఆ ఇంట్లో పసిపిల్లలు లేరు. రోస్లిన్ పోయిన వారం దగ్గుతూ కనిపించింది, ఆ తర్వాత కనిపించలేదు. టిల్లీ గుమ్మం దాకా వచ్చి తొంగి చూస్తే తలుపు తీసి ఉంది, అద్దం కప్పి ఉంది, హార్వే గడ్డం మాసి పొట్టి పీట మీద కూర్చుని ఉన్నాడు. యూదుల ఇంట్లో ఎవరైనా పోతే కనబడే గుర్తులన్నీ ఇవే, ఇంకేం కావాలి? ఖననానికి తనకి కబురు చేయలేదని కాసేపు నొచ్చుకుని, మనసు పెద్దది చేసుకుని, ఆవిడ పదిహేను ఫోన్లు చేసింది. తర్వాత ఫ్రిజ్‌లో ఉన్న పాస్ట్రామీని ఒక పళ్ళెంలో సర్దుకుని వచ్చి మౌనంగా కూర్చుంది. దుఃఖంలో ఉన్నవాడు ముందు నోరు విప్పేదాకా పరామర్శకి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు మరి.

ఆ ఆచారాలన్నీ హార్వేకీ తెలుసు. ఇరవై చావు ఇళ్ళలో అలా కూర్చున్నవాడే. కానీ ఆ పూట అతని బుర్రలో పాస్ట్రామీ తప్ప ఇంకేదీ లేదు. పోటీ సంగతి ఫైవెల్‌గారు నలుగురికీ చెప్పి ఉంటారని అనుకున్నాడు. ఇద్దరు వచ్చారు, ఐదుగురు వచ్చారు, చూస్తుండగానే ముప్ఫైమంది అయ్యారు. తీర్పుకి ముందు ఎవరూ నోరు జారకూడదని హార్వే పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. అందరూ అర్థమైందన్నట్టు తలూపారు. ఇంత క్రమశిక్షణ గల ప్రేక్షకులు దొరకడం అదృష్టం అనుకున్నాడతను.

చావింట్లో తినకపోతే తప్పు కనుక వాళ్ళు గ్రుష్కో పళ్ళెం మీద పడ్డారు. మందుల షాపు లెవిన్‌సన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, రోస్లిన్‌ని తలచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పక్కావిడకీ కళ్ళు చెమర్చాయి. గ్రుష్కో మాంసం ఇంత పని చేస్తుందని హార్వేకి తెలుసు గానీ, కళ్ళారా చూడడం ఇదే మొదలు. గర్వంతో అతనూ కళ్ళు ఒత్తుకున్నాడు. అది చూసి జనం ఇంకా కరిగిపోయారు. ఫైవెల్‌గారు ఏకాగ్రత కోసం కళ్ళు మూసుకుని, చేతికి అందిన పళ్ళెంలోంచి తింటూనే ఉన్నారు.

అప్పుడు మెల్నిక్ వచ్చాడు. అద్దాన్ని చూశాడు, గడ్డాన్ని చూశాడు, జనాన్ని చూశాడు. పెట్టె అక్కడే వదిలేసి వచ్చి హార్వేని కౌగలించుకున్నాడు.

"చూశారుగా బావగారూ, ఇంక వాదనెందుకు?" అన్నాడు హార్వే.

"ఇలాంటి రోజున వాదనేమిటి బావగారూ. మీ గ్రుష్కో మాంసమే పెడదాం."

వాసనకే ఇంత లొంగిపోతాడని హార్వే అనుకోలేదు. అయినా దొరికిన అదను వదులుకునే మనిషి కాడు.

"మరి హాలు?"

"మీరు ఎక్కడంటే అక్కడ."

"బ్యాండు?"

"అదీ మీ ఇష్టమే. మీరు కాస్త ధైర్యంగా ఉండండి, చాలు."

ధైర్యం దేనికో హార్వేకి అర్థం కాలేదు. పందిరి గుడ్డ సంగతి ఎత్తబోతుండగా రోస్లిన్ లోపలికి వచ్చింది. కప్పిన అద్దాన్ని చూసి ఎవరో పోయారనుకుంది. చప్పుడు చేయకుండా వచ్చి టిల్లీ పక్క పీట మీద కూర్చుని, చెవిలో అడిగింది.

"ఎవరు పోయారు?"

"నువ్వే," అంది టిల్లీ, తల తిప్పకుండానే.

తర్వాతి పావుగంట ఎవరేం మాట్లాడారో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. సంగతి తెలిశాక మెల్నిక్ ముఖం ఎర్రబడింది. చావు చూసి మాటిచ్చాను, చావే లేనప్పుడు మాటెక్కడిదని హాలూ బ్యాండూ వెనక్కి లాక్కున్నాడు. హార్వే మాత్రం తొణకలేదు. తీర్పు ఇంకా ఉందిగా. ఐసుపెట్టె తెరిపించి, బెర్లాండ్ మాంసాన్ని ఆవిరి పట్టించి కోయించి, గ్రుష్కో పళ్ళెంలో మిగిలిన ముక్కల పక్కన పెట్టించాడు. ముప్ఫైమందీ చుట్టూ మూగారు. ఫైవెల్‌గారు రెండూ తిని, నీళ్ళు తాగి, కళ్ళు తెరిచారు.

"రెండూ మంచివే. ఒకదానికి పొగ ఎక్కువ, ఇంకోదానికి మిరియం ఎక్కువ. కానీ ఇందాక మూడోది తిన్నానే, దాని ముందు ఈ రెండూ దిగదుడుపే."

అందరూ మూడో పళ్ళెం వైపు చూశారు. అది టిల్లీది.

"న్యూజెర్సీ సూపర్‌మార్కెట్‌లో కొన్నాను. ప్లాస్టిక్ పొట్లంలో, మిషన్‌తో కోసినదే," అంది టిల్లీ సిగ్గుపడుతూ.

ఆ ఇంటికి నిజమైన చావుకళ అప్పుడొచ్చింది. వియ్యంకులిద్దరూ పక్కపక్కన పొట్టి పీటల మీద కూలబడ్డారు. మెల్నిక్ హార్వే మోకాలి మీద చెయ్యి వేశాడు.

"బావగారూ, ఈ మాట లాస్ ఏంజెలెస్ దాకా రాకూడదు."

"ఇక్కడ మాత్రం పొక్కనిస్తానా?"

"ఫైవెల్‌గారు ఇంకొకరి ముందు నోరు తెరవకముందే మీ గ్రుష్కోకి కబురు చేయండి. నేను అడ్డం రాను."

హార్వే కళ్ళు చెమర్చాయి. ఈసారి మాంసం వల్ల కాదు. పెళ్ళిలో తనకంటూ ఒకటి మిగిలింది, అదీ వియ్యంకుడు తన చేతులతో ఇచ్చాడు. బెర్లాండ్‌ది కూడా ఒక పళ్ళెం పక్కన పెట్టిద్దామని ఉదారంగా అనేశాడు.

రోస్లిన్ ఇవేవీ వినలేదు. వచ్చినవాళ్ళందరినీ ఒకసారి కలయజూసి, పెళ్ళిపిలుపుల జాబితా తెచ్చుకుని, తన చావుకి రానివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే కొట్టేయసాగింది.