పశువుల తొట్టి దర్శనం

ఆగస్టు చివరి సోమవారం దేశమంతా సెలవు. సెలవునాడు వాన పడడం అక్కడి ఆనవాయితీ. ఆ రోజు మాత్రం యార్క్‌షైర్ కొండల మీద ఎండ విరగకాసింది. కిటికీలోంచి అది చూసి బ్రెండా మెట్‌కాఫ్ తన పంట పండిందనుకుంది. పాపం, పొద్దున్నే అలాంటివి అనుకోకూడదు.

స్కార్‌బెక్ ఊళ్ళో బ్రెండాకు ఒక టీ దుకాణం ఉంది. బల్లల మీద పూల గుడ్డలు, కిటికీలకు కుచ్చుల తెరలు, గోడ నిండా గొర్రెల బొమ్మలు. లేనిదల్లా టీ తాగే మనుషులే. ఊరికి వచ్చేవాళ్ళకు తక్కువ లేదు. జలపాతం చూస్తారు, కూలిపోయిన మఠం చూస్తారు, రాతి గోడల మధ్య మేస్తున్న గొర్రెలకు ఫోటోలు తీస్తారు, ఊరి వెనక కాలిబాట పట్టి వచ్చినదారినే పోతారు. దుకాణం వైపు తిరగరు. ఆ కట్టడమూ, ఊరి చుట్టూ భూములూ ఎస్టేటువాళ్ళవి. వాళ్ళ మేనేజరు పెంబర్టన్ కిందటి నెలలో వచ్చి చాలా మర్యాదగా గొంతు మీద కత్తి పెట్టి పోయాడు.

"సెలవునాడు మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తానమ్మా. జనం కూర్చుని కనిపించారో, దుకాణం మీ చేతిలోనే ఉంటుంది. లేదంటే ఈ చోటుకి ఇంకో ఉపయోగం ఆలోచించాల్సొస్తుంది. ఏమనుకోకండి."

అందుకే బ్రెండా తెల్లవారకముందే లేచి, టీతో తినే స్కోన్లనే చిన్న రొట్టెలు పళ్ళేలకొద్దీ కాల్చి, జామూ మీగడా గిన్నెలకెత్తి, మొగుడు హెడ్లీకి కోటు తొడిగింది.

"ఏమయ్యా, కాలిబాట గేటు దగ్గర నుంచో. వచ్చినవాళ్ళందరికీ చెప్పు. మలుపు తిరిగితే టీ దుకాణముందని, స్కోన్లు ఇప్పుడే పొయ్యిలోంచి తీశామని. నోరు తెరిచి చెప్పాలి సుమా!"

"చెప్తాలే" అన్నాడు హెడ్లీ బూట్ల వంక చూస్తూ.

"మొహం చూసి చెప్పాలి."

"మొహం కూడా చూడాలా?"

హెడ్లీ నోట్లో నాలుక లేని మనిషి. జీవితమంతా గొర్రెలు కాశాడు. గొర్రెలతో మాట్లాడతాడు, కుక్కతో వాదిస్తాడు. పరిచయం లేని మనిషి ఎదురైతే మాత్రం "ఎండగా ఉంది" అన్న తర్వాత ఆయన దగ్గర సరుకు ఉండదు.

గేటు దగ్గర బాట కుడిచేతికి తిరిగి జలపాతానికి పోతుంది. గేటు అవతల ఉన్నది ఎవరూ పట్టించుకోని బీడు. అందులో దురదగొండి పొదలు, వాటి మధ్య ఎవరింట్లోంచో పీకి పారేసిన స్నానాల తొట్టి. ఆవులు అందులో నీళ్ళు తాగుతాయి. హెడ్లీ వచ్చేవాళ్ళకు వీపు చూపించి, గేటుకు ఎదురుగా నిలబడి, చెప్పాల్సిన మాట పెదవులతో వల్లె వేసుకోవడం మొదలుపెట్టాడు. పాఠం వచ్చేశాక తిరుగుదామని ఆయన ఉద్దేశం.

పాఠం వచ్చేలోగా ఒక జంట వచ్చింది. మూసిన గేటు ముందు ఓ పెద్దమనిషి కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయన్ని దాటిపోతే అమర్యాద. ఎందుకు నిలబడ్డారని అడిగితే ఇంకా అమర్యాద. ఇద్దరూ ఆయన వెనక నిలబడ్డారు. వాళ్ళ వెనక ముగ్గురొచ్చారు. ముగ్గురి వెనక ఓ నడకల సంఘం మొత్తం వచ్చింది. ఆ దేశంలో మనిషి వెనక మనిషి నిలబడితే అది క్యూ. క్యూ ఉంటే చివర్లో ఏదో ఉండే ఉంటుంది.

"ఇది దేనికండీ?" అని ఒకావిడ గుసగుసగా అడిగింది.

తెలియదని చెప్పడం ముందున్నాయనకు నామోషీ. "లోపల చూడ్డానికి. ఒక్కొక్కళ్ళనే పంపుతారనుకుంటా" అన్నాడు.

ఆ "అనుకుంటా" పదిమందిని దాటేలోపు రాలిపోయింది. వీధి చివరికి చేరేసరికి, ఏడాదికి ఒక్కసారే తీస్తారని, అదీ ఇవాళేనని స్థిరపడిపోయింది.

ఊరి కమిటీ అధ్యక్షురాలు మురియెల్ థ్వెయిట్ పరుగున వచ్చింది. తనకు చెప్పకుండా ఊళ్ళో ఏదో జరుగుతోందని ఆమె కడుపు మండింది. కానీ తెలియదని ఒప్పుకుంటే పదవికే అవమానం. అంచేత తనే ఏర్పాటు చేసినట్టు తాళ్ళు తెప్పించి కట్టించింది.

"ఎడమవైపు, ఎడమవైపు! కుక్కలున్నవాళ్ళు గోడవారగా! నెట్టుకోకండి!"

ఎవరూ నెట్టుకోవడం లేదు. అక్కడ ఎవరూ ఎప్పుడూ నెట్టుకోరు.

క్యూ పెరిగి పెరిగి బ్రెండా దుకాణం ముందుకు వచ్చింది. హెడ్లీ నోరు తెరిచాడని ఆమె నమ్మేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. తలుపులు బార్లా తీసి గుమ్మంలోకొచ్చింది.

"రండి రండి, లోపలికొచ్చి కూర్చోండి! స్కోన్లు వేడివేడిగా ఉన్నాయి!"

"వద్దమ్మా, మా చోటు పోతుంది" అన్నాడో టోపీ ఆయన.

"వెనకాయన చూసుకోడూ?"

"ఆయనెవరో మాకు తెలీదుగా!"

"పోనీ, ఇక్కడికే తెచ్చివ్వనా?"

ఆయన మొహమాటంగా సంచి విప్పి చూపించాడు. లోపల ఫ్లాస్కు, కాగితంలో చుట్టిన శాండ్‌విచ్. పక్కావిడ దగ్గరా అదే. ఆ పక్కావిడ దగ్గరా అదే. బ్రెండా గుమ్మం ముందే నిలబడి, ఊరంత జనం తమ ఇంటి టీ తాము పోసుకు తాగుతున్నారు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపు వెంటే ఒళ్ళు మండింది. ఇదంతా దేని కోసమో హెడ్లీనే నిలదీద్దామని ఏప్రన్‌తోనే గేటువైపు నడిచింది.

"అమ్మా, క్యూ ఉంది" అన్నారెవరో.

"ఆ ముందున్నది నా మొగుడండీ!"

"అందరికీ ఉన్నారమ్మా మొగుళ్ళు. వెనకనించి రండి."

మురియెల్ అడ్డొచ్చింది. "నువ్వేనా బ్రెండా? ఊళ్ళోవాళ్ళమే వరుస తప్పితే బయటివాళ్ళకేం చెప్తాం?"

ఇంకో దేశంలో పుట్టి ఉంటే ఆమె అందర్నీ తోసుకుని పోయేది. స్కార్‌బెక్‌లో పుట్టింది. సిగ్గుతో తల దించుకుని, తన దుకాణం దాటుకుంటూ వెళ్ళి, వరుస చివర నిలబడింది.

పెంబర్టన్ చెప్పిన మాట ప్రకారం మధ్యాహ్నమే వచ్చాడు. తలుపులు తెరిచిన దుకాణం, మీగడ మీద ఈగలు, ఖాళీ బల్లలు చూశాడు. యజమానురాలి కోసం బయటికొచ్చి, ఆమె కనబడగానే వెళ్ళి ఆమె వెనకే నిలబడ్డాడు.

"మిసెస్ మెట్‌కాఫ్, దుకాణంలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"మరి ఇదంతా దేనికి?"

టీ కోసమేనన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. అంతలో ముందున్నావిడ వెనక్కి తిరిగింది. "లోపల ఏదో అద్భుతమటండీ. మేం లీడ్స్‌నించొచ్చాం!"

పెంబర్టన్ కళ్ళు మెరిశాయి.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హెడ్లీ పాఠం పూర్తయి వెనక్కి తిరిగాడు. అన్ని మొహాలు ఒక్కసారిగా చూసేసరికి ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోవడానికి ఒక్క దారే కనిపించింది. గేటు తీసి బీడులోకి నడిచి, ఎటు పోవాలో తోచక తొట్టి ముందు ఆగి, టోపీ తీసి అందులోకి చూస్తూ నిలబడ్డాడు.

టోపీ తీయడంతో అంతా ఖాయమైపోయింది. జనం ఒక్కొక్కరే వచ్చారు, తొట్టిలోకి చూశారు, తలాడించారు. పచ్చటి నీళ్ళు, పైన తేలుతున్న గడ్డి.

"ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నారొకరు.

"అసలేమీ మార్చలేదు చూశారా!" అన్నారింకొకరు.

ఏమీ లేదని మొదట అనేవాళ్ళు పిచ్చివాళ్ళవుతారు గనక ఎవరూ అనలేదు. పెంబర్టన్ అందరికంటే ఎక్కువసేపు చూశాడు. ఆయన చూసింది తొట్టిని కాదు, వరుస పొడవును.

"మలుపు తిరిగితే టీ దుకాణముంది" అన్నాడు హెడ్లీ ఎట్టకేలకు, తొట్టిలోని నీళ్ళతో.

"ష్!" అంది మురియెల్.

సాయంత్రం బ్రెండా స్కోన్లను కోళ్ళకు వేస్తూ మాట్లాడింది. "పొద్దున్నించీ ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"నన్నెవరూ అడగలేదు బ్రెండా."

"మనుషులు కావాలని పంపించాను. తెచ్చావు. నా కొంప తప్ప అన్నీ చూసి పోయారు."

హెడ్లీ క్షమాపణ చెప్పాలనుకున్నాడు. అదీ వల్లె వేసుకోవాల్సిన మాటే. ఆయన మొదలుపెట్టేలోగా ఆమె దీపం ఆర్పి పడుకుంది.

పై ఆదివారానికి జనం రెట్టింపయ్యారు. ఎస్టేటువాళ్ళు తొట్టి చుట్టూ కంచె వేయించారు. హెడ్లీకి గేటు దగ్గర నిలబడే ఉద్యోగమిచ్చారు. మాట్లాడే పని లేదని చెప్పగానే ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత పెంబర్టన్ దుకాణానికొచ్చి, అంత జనం గంటలకొద్దీ నిలబడితే వాళ్ళకు అన్నిటికన్నా ముందు కావలసింది ఏమిటో ఎంతో సున్నితంగా వివరించాడు.

బల్లలు తీసేశారు. పూల తెరల కిటికీలకు మసక అద్దాలు బిగించారు. గొర్రెల బొమ్మలున్న గోడకు తెల్లటి పింగాణీ పలకలు అతికి, ఆడవాళ్ళకొక వైపూ మగవాళ్ళకొక వైపూ గొళ్ళేలున్న ఇరుకు గదులు కట్టారు. మురియెల్ వచ్చి రిబ్బను కత్తిరించింది.

బ్రెండా ఎన్నో ఏళ్ళుగా కోరుకున్నట్టే, ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రందాకా అక్కడ ఒక్క చోటూ ఖాళీ లేదు.