రేవు వీధి మూల కొట్టులో గీత

ఆ పొద్దున థోవా పెట్టుకున్నది చిన్న పని. రేవు వీధి మూల కొట్టు తాళంచెవి తెచ్చుకుని, అరలు ఎక్కడ పడతాయో కొలుచుకుని, మధ్యాహ్నం యజమానితో అద్దె మాట్లాడి రావాలి. పన్నెండేళ్లుగా ఆమె బజారు మెట్ల కింద టార్పాలిన్ కట్టుకుని గుండీలు, దారాలు, లేసులు అమ్ముతోంది. వాన పడితే లేసులు తడుస్తాయి, ఎండ కాస్తే దారాల రంగు పోతుంది. మూల కొట్టుకు తలుపుంది, అటక ఉంది. పై ఊళ్ల దర్జీలు పడవ దిగితే ముందు కనబడేది అదే. దానికి యజమాని ఖియెం నెలకు ఎనభై లక్షల డాంగులు అడుగుతున్నాడు. థోవా ఎన్నిసార్లు లెక్క వేసినా నలభై దగ్గర ఆగిపోతోంది.

ఆ వీధిలో అద్దె మాట్లాడేవాళ్లు ముందు యజమాని ముఖం చూడరు, గోడ చూస్తారు. వరద వచ్చి పోయినప్పుడల్లా నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీత గీసి, పక్కన ఏ సంవత్సరమో రాసిపెట్టడం ఊరి అలవాటు. అక్కడ సంవత్సరాలకు జంతువుల పేర్లే. మూల కొట్టులో పిల్లి సంవత్సరం గీత నడుము దగ్గర, కోతి సంవత్సరం గీత మోకాలి దగ్గర ఉన్నాయి. ఆ పైన అంతా కొత్త సున్నం, తెల్లగా మెరుస్తోంది. ఇంత మంచి గోడ ఉన్నవాడు సగానికి ఎందుకు దిగుతాడు?

భర్త దియెన్ టేపు పట్టుకుని నిలబడి ఉండగా ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. ఏనాటిదో డ్రాగన్ సంవత్సరం పెద్ద వరద గురించి అందరూ విన్నవాళ్లే గాని, బాగా గుర్తున్నవాళ్లు ఆ వీధిలో మిగల్లేదు. ఖియెంకు ఈ ఇల్లు మేనమామ పోయాక వచ్చింది, అతనసలే పట్నంలో పెరిగినవాడు. ఇంట్లో గోధుమరంగు పెయింటు కాస్త మిగిలి ఉంది.

"వద్దు థోవా, పాపం," అన్నాడు దియెన్.

"పాపం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు స్టూలెక్కు."

ఇంకాస్త పైకి అని ఆమె కిందనుంచి అంటూ పోయింది, ఇంకాస్త పైకి అతను జరుపుతూ పోయాడు. చివరికి గీత అటక దూలానికి జానెడు కింద పడింది. దియెన్ దిగి చూసి, ఈ లెక్కన కొండ మీది పగోడా గంటకు కూడా నీళ్లు తగిలి ఉండాలన్నాడు. థోవా వినిపించుకోలేదు. పక్కన డ్రాగన్ సంవత్సరం అని రాయించి, గీతకు కాస్త వయసు రావడానికి చల్లారిన టీ డికాక్షన్ పూసింది.

మధ్యాహ్నం ఖియెం వచ్చాడు. గీత చూడగానే నోట్లో సిగరెట్టు అలాగే ఉండిపోయింది.

"ఇది ఎప్పుడు కనబడింది?"

"పొద్దున బూజు దులుపుతుంటే, బాబాయ్ గారూ."

అతను జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆమె నోరు తెరవకముందే, నలభై చాలమ్మా అన్నాడు. ఈ గీత సంగతి ఎవరికీ చెప్పకూడదు, సున్నం తనే వేయిస్తాడు, గురువారం వార్డు ఆఫీసులో ఒప్పందం మీద ముద్ర వేయించుకుందాం, అంతే. గంటసేపు బేరానికి సిద్ధపడి వచ్చిన థోవాకు, గెలిచినా ఎందుకో మోసపోయినట్టనిపించింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది, తలుపు బార్లా తీసి ఉంది. పక్క మందుల కొట్టు నడిపే న్యాన్ కూడా అద్దెకుండే మనిషే. చీపురు అడగడానికి వచ్చి గోడ చూసి, చీపురు తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఈ గోడకు అవతలి వైపు తనది. సాయంత్రానికి తన యజమానిని సగం అద్దె అడిగింది. మర్నాటికి లాంతర్ల కొట్టు, చేపల సాస్ కొట్టు కూడా అడిగాయి. యజమానులు మండిపడి, ఆ వరద కళ్లారా చూసిన మనిషి కోసం వెతికి, ఏటి అవతల మనవరాలి ఇంట్లో ఉన్న తొంభై ఒక్కేళ్ల ల్యూ బామ్మను పడవలో తీసుకొచ్చారు.

బామ్మను ఎవరైనా ఏదైనా అడిగి చాలా ఏళ్లయింది. పట్టు చొక్కా వేసుకుని వచ్చి, గోడ ముందు కుర్చీలో కూర్చుంది. గుర్తులేదని చెప్పు తల్లీ అని థోవా మనసులోనే మొక్కుకుంది.

"ఇదే. ఈ అటక మీదే మూడు రోజులు కూర్చున్నాను. మా పంది ఈ కిటికీ పక్కనుంచే కొట్టుకుపోయింది, నన్నే చూస్తూ."

గీత వయసు రెండు రోజులు. ముసలితనంలో మనిషికి ఊహ ఇంత పెరుగుతుందా అని థోవా నోరు వెళ్లబెట్టింది.

బుధవారం వార్డు ఆఫీసు కుర్రాడు టేపుతో దిగాడు. నీళ్లు నిజంగా ఇంత వచ్చి ఉంటే ఈ వరసలో కింద సరుకు పెట్టనివ్వడం కుదరదన్నాడు. నాలుగు కొట్ల లైసెన్సులు ఆపేస్తాడు, కొత్త ఒప్పందం మీద ముద్ర పడదు. సగం అద్దె అడిగిన న్యాన్ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్న థోవా ముద్ద నోట్లో పెట్టుకోలేదు. నిజం చెబితే అద్దె మళ్లీ ఎనభై. చెప్పకపోతే కొట్టే లేదు.

"ఎనభై ఎక్కణ్ణించి తెస్తావు?" అన్నాడు దియెన్.

"జిప్పులు కూడా అమ్ముతాను. నీ సిగరెట్లు మానిపిస్తాను. ఆ టార్పాలిన్ కిందికి మాత్రం మళ్లీ వెళ్లను."

గురువారం మూల కొట్టులో అందరి ముందూ పెయింటు డబ్బా నేల మీద పెట్టింది. "ఈ గీత నేను గీయించిందే. ఇదుగో డబ్బా, ఇదుగో బ్రష్షు."

అందరికంటే ఎక్కువ బాధపడింది బామ్మ. "అయితే మా పంది అబద్ధమా?"

థోవా తిట్లకు సిద్ధపడింది. ఖియెం ముఖం మాత్రం లాంతరులా వెలిగింది. నవ్వాడు, అవసరమైనదానికంటే ఎక్కువసేపు నవ్వాడు. గోడ మంచిదే కాబట్టి అద్దె ఎనభయ్యే అన్నాడు. గీత చెరిపేస్తే ముద్ర వేస్తానన్నాడు వార్డు కుర్రాడు.

థోవా ఇనుప బ్రష్షు పట్టుకుని స్టూలెక్కింది. ఆమె ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. నాలుగు రుద్దులకు గీత పోయింది.

"చాలమ్మా, పోయింది, దిగు," అన్నాడు ఖియెం.

"మరక ఉంది, బాబాయ్ గారూ."

"సున్నం వేయిస్తానన్నానుగా."

"నా తప్పు నేనే కడుక్కోవాలి."

ఖియెం స్టూలు కాలు పట్టుకున్నాడు. తను పడిపోకుండా పట్టుకున్నాడనుకుని థోవా ఇంకా గట్టిగా రుద్దింది. కంచమంత సున్నం పెళ్ల ఊడి అతని భుజం మీద పడింది. లోపల ఇటుక మీద ఉలితో చెక్కిన గీత ఉంది, ఆమె గీతకు నాలుగు వేళ్లు పైన. పక్కన పాత అక్షరాల్లో, డ్రాగన్ సంవత్సరం.

ఆ సున్నం ఎవరు వేయించారని వార్డు కుర్రాడు అడిగాడు. పోయినేడు, గోడ అందంగా ఉంటుందని, అని గొణిగాడు ఖియెం. అప్పుడు థోవాకు మొన్నటి సిగరెట్టు, జేబురుమాలు, బేరం లేకుండా వచ్చిన నలభై, అన్నీ అర్థమయ్యాయి.

కుర్రాడు పైకెక్కి అటక చూసొచ్చాడు. గీత దూలం కిందే ఆగింది, అంటే ఇంత వరదలోనూ అటక తడవలేదు. పూర్వం సరుకు తాడుతో పైకి లాగడానికి అటకలో వదిలిన కంత ఆ వరస ఇళ్లన్నిటికీ ఉంది, అన్నీ మేకులు కొట్టి మూసేశారు. యజమానులు సొంత ఖర్చుతో వాటిని తెరిపించి తాళ్లు కట్టిస్తే కొట్లు నడుపుకోవచ్చన్నాడు. ఖియెం తల వంచుకుని, మొదట అనుకున్న నలభయ్యే ఇవ్వమ్మా అన్నాడు.

థోవా స్టూలు దిగలేదు.

"నా గీతకు నలభై అన్నారు, బాబాయ్ గారూ. మీ గీత నాలుగు వేళ్లు పైన ఉంది."

ముప్ఫై అయిదు దగ్గర ముద్ర పడింది.

కొట్టు తెరిచిన రోజు, బోణీ కోసం ల్యూ బామ్మను పిలిచారు. ఆమె ఒక్క నల్లగుండీ కొని, గోడకేసి చాలాసేపు చూసి, ఇది కూడా తక్కువే గీశారు, పంది ఇంకో మూరెడు పైన పోయింది అంది.

థోవా ఈసారి అది ఊహ అనుకోలేదు. సాయంత్రానికల్లా అటక మీద ఒక ఎత్తు బల్ల వేయించింది.