సొరబుర్రలూ రిసెప్షన్ సూటూ

రక్షితకు అన్నిటికంటే భయం నీళ్లంటే. పసిబిడ్డకు స్నానం చేయించేటప్పుడు కూడా బకెట్టు సగమే నింపుతుంది. అలాంటిది, వల్లూరు సోలార్ పార్కులో సెక్యూరిటీగా ఉన్న మొగుడు నందీష్, ఆదివారం పనివాళ్లకు పెట్టిన పందెంలో పేరిచ్చాడు. ముందు మంగళవాడ పక్క కుంటలో ఈత, తర్వాత సైకిలు, ఆఖరున పరుగు.

శనివారం పొద్దున డ్యూటీలోంచి ఫోన్ చేశాడు. "బ్యాగు సర్దిపెట్టు. ట్రై సూటు, గాగుల్సు, వ్యాసలీను, పౌడరు."

"ఈతకు సూటెందుకబ్బా?"

"అందరూ అదే ఏసుకుంటారు..." లైను తెగిపోయింది.

ఎనిమిదితో బడి మానేసిన రక్షితకు 'డ్రై సూటు' అని వినపడింది. ఇంట్లో డ్రైక్లీనింగ్‌కు వెళ్లొచ్చిన సూటు ఒక్కటే, వాళ్ల రిసెప్షన్‌ది. కలరా ఉండల వాసన పోవాలని వాకిట్లో దండెం మీద వేసింది. కింద అరుగు మీద నల్లద్దాలు, పౌడరు డబ్బా పెట్టింది.

పక్కింటి సంజీవమ్మ అది చూసి నేరుగా అత్త ఓబమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఏందక్కా, నీ కొడుకు పెండ్లికొడుకు మాదిరి యాడికో పోతాండాడే! కోడలు పాపం ఏడ్చుకుంటా సర్దుతాండాది."

ఓబమ్మ దిగ్గున లేచింది. పావగడ సంతకు వెళ్లిన మామ నారప్పకు ఫోన్ చేసింది. ఆయన బేరం సగంలో వదిలేసి మోపెడ్ మీద వచ్చాడు.

"రెండో పెండ్లా? రానీ వాన్ని, కాళ్లిరగ్గొడతా!"

"చేసుకుంటే చేసుకోనీ మామా" అంది రక్షిత కళ్లొత్తుకుంటూ. "నీళ్లలో మాత్రం దిగొద్దని చెప్పు."

సాయంత్రం ఇల్లు చేరిన నందీష్ దండెం చూసి తల పట్టుకున్నాడు. "ట్రై సూటమ్మీ! మూడింటికీ ఒకటే సూటు!"

"మూడా!" నారప్ప లేచి నిలబడ్డాడు. "ఒకటి గాదా?"

ఆయనకు పందెం సంగతి అర్థమయ్యేలా చెప్పేసరికి దీపాలు పెట్టే వేళయింది. తర్వాత నందీష్ బ్యాగు తెరిచాడు. అడుగున, బావిలో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు కట్టే ఎండు సొరబుర్రలు రెండు ఉన్నాయి.

"ఇవేంది? అందరూ నగుతారే!"

"నగనీ. వాళ్లు నగేది ఇనపడాలంటే నువ్వు పైన తేలాల కదా!"

నందీష్ బ్యాగు మూసేశాడు. తెల్లారి మాత్రం బుర్రలను మంచం కిందకు తోసి వెళ్లిపోయాడు.

అవి కనపడగానే రక్షిత బిడ్డను అత్త చేతిలో పెట్టి, బుర్రలు పట్టుకొని మామ మోపెడ్ ఎక్కింది. కుంట దగ్గరికి చేరేసరికి నందీష్ నడిమధ్యలో ఉన్నాడు. గట్టు మీద ఆమెను చూసి, వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. మునిగిపోయేవాళ్లు కూడా అలాగే చెయ్యి ఊపుతారు. రక్షిత ఇంకేం చూడలేదు. చీరతోనే దిగి, నీళ్లు తోసుకుంటూ వెళ్లి, బుర్రలు అతని నడుముకు బిగించింది.

"యాడ మునుగుతాండానమ్మీ? నిలబడే ఉండా!"

ఈ ఏడు వానల్లేక నీళ్లు నడుము దాటలేదు. అందరూ ఈదినట్టు చేతులాడిస్తూ నడుస్తున్నవాళ్లే.

నందీష్ ముడి విప్పబోయి, వణుకుతున్న ఆమె పెదాలు చూసి మానేశాడు. సైకిలు మీద బుర్రలు టకటకలాడుతుంటే అందరికంటే వెనక బయల్దేరాడు. జనం ఈలలు వేశారు. నారప్ప కొడుకును ఉత్సాహపరుస్తూ మోపెడ్ మీద వెంటపడ్డాడు. గట్టు ఖాళీ అయింది.

అప్పుడు రక్షిత తానెక్కడ నిలబడి ఉందో కిందకు చూసుకుంది.

మీలో ఎవరైనా మంగళవాడ వైపు వెళితే, ఆమె గట్టెక్కిందో లేదో కాస్త చూసి రండి.