పై బెర్తు వేణుగోపాలస్వామిది

తణుకులో పదో తరగతికి వచ్చిన పిల్లలు బడి తెరిచిన రోజున ఇద్దరేసి అవుతారు కాబట్టి, వేదాద్రి, కోమలి దంపతులు వేసవి సెలవుల్లోనే తమ కూతురు మేదిని గదికి రెండంతస్తుల మంచం చూడటం మొదలుపెట్టారు.

ఇందులో వింత ఏమీ లేదు. ఊళ్లో అన్ని ఇళ్లలోనూ జరిగేదే. మొదటి పిల్ల ఎప్పటి పిల్లే. రెండో పిల్ల అదే ఎత్తు, అదే ముఖం, మెడ మీద అదే పుట్టుమచ్చతో, జడ వేసుకుని, పుస్తకం తెరుచుకుని వస్తుంది. ఆమెను నిద్ర లేపక్కర్లేదు. రేషన్‌లో ఆమెకు బియ్యం ఇవ్వరు. బస్సు పాసు మాత్రం ఇద్దరికీ ఒకటే చెల్లుతుంది, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునే పక్షంలో. బడిలో హాజరు ఒక్కసారే పిలుస్తారు, ఎవరు పలికినా సరిపోతుంది. విద్యాశాఖ పెట్టిన షరతు ఒక్కటే. పిల్లల మంచం రెండంతస్తులది అయ్యుండాలి, రెండు అంతస్తుల్లోనూ ఎవరో ఒకరు పడుకోవాలి. దాన్ని తనిఖీ చేయడానికి మంచాల ఇన్‌స్పెక్టరు ఇంటింటికీ వస్తాడు. నేల మీద చాపలు పరిచినా, పక్కపక్కన రెండు మంచాలు వేసినా హాల్ టికెట్ రాదు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. అడిగే వయసు పిల్లలది. వాళ్లకు ఆ ఏడాది తీరిక ఉండదు.

వేదాద్రి రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఇంట్లోని వేణుగోపాలస్వామికి చెప్పుకుంటాడు. స్వామి అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మంచం సంగతీ అలాగే చెప్పుకుని, భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని బజారు చివర చిట్టిబాబు ఫర్నిచర్ దుకాణానికి వెళ్లాడు.

"పాప ఏ క్లాసండి?" అన్నాడు చిట్టిబాబు.

"పదిలోకి వస్తోంది."

"అయితే ఈ టేకుది చూడండి. పై బెర్తుకి రెయిలింగుంది, లైటుంది, పుస్తకాల అరుంది. సెల్‌ఫోను పెట్టుకోడానికి మాత్రం చోటు లేదు. కావాలనే తీయించేశాం."

"కింద లైటు లేదేం?" అంది కోమలి.

"కింద లైటెందుకండి. కింద పడుకునేది మీ పిల్లే కదా."

మేదిని అప్పటికే కింద బెర్తులో వెల్లకిలా పడుకుని పై చెక్కను చూస్తోంది. తణుకు బస్టాండులో మైకులో బస్సులు చెప్పే మనిషి గొంతును ఆ పిల్ల బాగా అనుకరిస్తుంది. "భీమవరం వెళ్లు ప్రయాణికులు దయచేసి పై బెర్తు ఎక్కవలెను," అంది ఆ గొంతుతో. దుకాణంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. చిట్టిబాబు నవ్వలేదు. ఏటా ఇలాంటి పిల్లల్ని ఎందర్నో చూస్తాడు.

"పైన పడుకున్న పిల్ల మిగుల్తాదండి," అని ఆయన నెమ్మదిగా విషయం చెప్పాడు. "కింద పడుకున్న పిల్ల దీపావళి దాటాక కాస్త కాస్త తేలికైపోద్ది. పరీక్షల టయానికి పక్క మీద దుప్పటి మడతెట్టి ఉంటాది, అంతే. ఏ గొడవా ఉండదు."

"అంటే మా పిల్ల పోతుందా?"

"పోడం ఏంటండి బాబూ. పైన ఉండేదీ మేదినే కదా. అదే ముఖం, అదే గొంతు. కూరలో ఉప్పు లేకపోయినా అడగదు. మా పెద్దోడు అలాగే పాసయ్యాడు. వాళ్లమ్మ నాలుగు రోజులు అదోలా ఉంది గానీ, మార్కులొచ్చాక సర్దుకుంది."

"మన పిల్లనే పైన పడుకోబెడదామండీ," అంది కోమలి భర్తతో.

"పెట్టుకోవచ్చండి," అన్నాడు చిట్టిబాబు. "అప్పుడు రెండో పిల్ల కరిగిపోద్ది. పరీక్ష మీ పిల్లే రాసుకోవాలి. అలా పెట్టినోళ్లని నేనైతే చూళ్లేదు."

వేదాద్రి ఆలోచించాడు. మేదిని గదిలోనే పడమటి గోడకు స్వామివారి అర ఉంది. ఇల్లు చిన్నది కాబట్టి పూజకు వేరే గది లేదు. మంచం పట్టే చోటు ఒక్కటే. పై బెర్తులో పిల్ల పడుకుంటే కాళ్లు సరిగ్గా స్వామి ముఖానికి తగులుతాయి. అటు తిప్పి పడుకోబెడితే తల స్వామి వైపు వస్తుంది, అది మంచిదే, కానీ అప్పుడు కాళ్లు గుమ్మం మీదుగా హాల్లో తాతగారి ఫొటో వైపు వస్తాయి. ఈ లెక్కలన్నీ ఆయన దుకాణంలో నిలబడే వేసుకున్నాడు. పోనీ, కాళ్ల సంగతి ఎలాగో సర్దుకుందామన్నా, ఇంకో చిక్కు వచ్చింది.

"రాబోయే పిల్ల కూడా మన పేరు మీదే వస్తోంది," అన్నాడు. "మన గోత్రమే. మనింటికి వచ్చిన పిల్లని కింద పెట్టి కరగనిస్తామా? మాకు ఇద్దరూ కావాలండి."

మార్కులు అక్కర్లేదని మాత్రం ఎవరూ అనలేదు.

"వంతులేసుకుంటే?" అంది కోమలి.

"వేశారండి, మా వీధిలో ఒకాయన. రోజు మార్చి రోజు. ఇద్దరూ సగం సగం తేలికయ్యారు. ఆ అబ్బాయికి ఇప్పుడు జేబులో రాళ్లు వేసి పంపుతున్నారు, గాలికి."

"నాన్నా, నాకు పాత మంచమే చాలు," అంది మేదిని లేచి కూర్చుని. "ఆవిడొస్తే ఆవిడకి కొనండి. నా వంతు బీరకాయ కూర కూడా ఆవిడకే పెట్టండి."

"మంచం కొనకుండా ఇంటికి వెళ్లేది లేదు," అన్నాడు వేదాద్రి. కానీ ఆ రోజు కొనకుండానే వెళ్లారు. తర్వాత ఆయన ఊళ్లోని మంచాల కొట్లన్నీ తిరిగాడు. ఇనుపవి చూశాడు, మడత పెట్టేవి చూశాడు, కింద సొరుగులున్నవి చూశాడు. ఒక కొట్లో కింద బెర్తు అసలు పరుపే లేకుండా ఉంది. తల్లిదండ్రులకు అలాగైతే తొందరగా తేలిపోతుందని వాళ్లు చెప్పారు. ఆయన మాత్రం రెండు అంతస్తులూ సమానంగా ఉండే మంచం కావాలని అడుగుతూనే ఉన్నాడు. అటువంటిది ఎవరూ తయారు చేయరని తెలిశాక, స్వామి గుడికి వెళ్లాడు.

అది పవళింపు సేవ వేళ. ఆచార్యులు గారు ఉత్సవమూర్తిని ఉయ్యాల మీద పడుకోబెట్టి, చిన్న దిండు సర్ది, పాలు నైవేద్యం పెట్టి తెర వేశారు. వేదాద్రి తెర వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఆచార్యులు గారూ, స్వామి పైన పవళిస్తే కింద ఉన్నవాళ్లు కరుగుతారా?"

"అందరం ఆయన కిందే కదయ్యా ఉంది," అన్నారు ఆచార్యులు గారు తాళం వేస్తూ. "ఇంతవరకూ ఎవరం కరగలేదు."

"కరిగితే మనకు తెలుస్తుందాండి?"

"అది నన్నడక్కు. ప్రసాదం తీసుకో."

మర్నాడు వేదాద్రి మళ్లీ చిట్టిబాబు దగ్గరికి వెళ్లి, కింద వెడల్పుగానూ పైన ఇరుకుగానూ ఉండే మంచం ఉందా అని అడిగాడు. ఉంది. ఎవరో చేయించుకుని, తీసుకెళ్లకుండా వదిలేసినది. గోదాములో బీరువాల వెనక నిలబెట్టి ఉంది. పై బెర్తు పసిపిల్లలకైనా చాలనంత సన్నం.

"ఇందులో పైన ఎవరు పడుకుంటారండి?"

"వేణుగోపాలస్వామి."

"ఆయనకి పరీక్షలేంటండి?"

"ఆయన రాయరు. పడుకుంటారు. పిల్లలిద్దరూ కింద."

"అయితే నిచ్చెన తీసేయమంటారా?"

"ఉంచండి. దిండు సర్దడానికి మేం ఎక్కాలి కదా."

మంచం వచ్చింది. కోమలి తన పట్టుచీర అంచు కత్తిరించి స్వామికి పరుపు కుట్టింది. అరలోని స్వామిని పై బెర్తు మీదికి మార్చారు కాబట్టి కాళ్ల చిక్కు కూడా తీరిపోయింది. బడి తెరిచిన రోజున రెండో మేదిని కింద బెర్తులో, గోడ వైపున, జడ వేసుకుని కూర్చుని ఉంది. కోమలి ఆమెకు కాఫీ ఇచ్చింది. ఆమె తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. మొదటి మేదిని ఇంకా నిద్రపోతోంది.

మంచాల ఇన్‌స్పెక్టరు వినాయక చవితి ముందు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, టేపుతో ఎత్తు కొలిచి, నిచ్చెన ఊపి చూసి, పైకి తొంగి చూశాడు.

"పై అంతస్తులో ఎవరు?"

"స్వామి అండి."

"విద్యార్థేనా?"

"నిబంధనలో ఎవరో ఒకరు అనే ఉందండి."

ఇన్‌స్పెక్టరు నిబంధన మనసులో ఒకసారి చదువుకున్నాడు. నిజమే, అలాగే ఉంది. "పడుకుంటున్నారా మరి? ఊరికే పెడితే కుదరదు."

"రోజూ పాలు పెట్టి పవళింపు చేస్తున్నామండి."

"ఆయన నిద్రపోవడం ఎవరైనా చూశారా?"

"మెలకువగా ఉండటం కూడా ఎవరూ చూడలేదండి," అన్నాడు వేదాద్రి.

ఇన్‌స్పెక్టరు ఇంట్లో కూడా భార్య శుక్రవారాలు ఉపవాసం ఉంటుంది. ఆయన తీర్థం పుచ్చుకుని, మంచం సక్రమంగా ఉందని సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

దీపావళి వచ్చింది, వెళ్లింది. వేదాద్రి సెలవు రోజుల్లో పిల్లలిద్దర్నీ మిల్లుకు తీసుకెళ్లి కాటా ఎక్కించేవాడు. ముల్లు ఎప్పుడూ ఉన్నచోటే ఆగేది. ఒకసారి మొదటి మేదిని కాస్త తగ్గినట్టు కనిపిస్తే ఆయన కాటా తుడిచి మళ్లీ తూచాడు. ఆ పిల్ల చెప్పులు విడిచి ఎక్కిందని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఒకే పక్క మీద, ఒకరి మోచెయ్యి ఒకరి పక్కటెముకల్లో గుచ్చుకుంటూ పడుకున్నారు. రెండో మేదిని నిద్రలో సమీకరణాలు చెప్పేది. మొదటి మేదిని వాటికి బస్సుల పేర్లు తగిలించి అప్పజెప్పేది. ఒకనాడు రెండో మేదిని నవ్విన చప్పుడు విని కోమలి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

పరీక్షలు రెండో మేదిని రాసింది. మొదటి మేదిని ప్రహరీ బయట వేపచెట్టు నీడలో మంచినీళ్ల సీసా పట్టుకుని కూర్చుంది. ఫలితాలు వచ్చినప్పుడు ఊళ్లో మిగతా ఇళ్లలో ఒక్కొక్కరే ఉన్నారు. వేదాద్రి ఇంట్లో ఇద్దరున్నారు. మార్కులు కూడా ఎవరికీ తీసిపోకుండా వచ్చాయి. వేదాద్రి గుడికి పులిహోర చేయించి పట్టుకెళ్లాడు. ఆచార్యులు గారు ఇద్దరి తలల మీదా శఠగోపం పెట్టి, ఇలా జరగడం తాను ఎరగనని చెప్పారు. పట్టుదలగా నిలబడితే స్వామి కాదనడని వేదాద్రికి ఆ రోజు నమ్మకం కలిగింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

రెండో మేదినికి విజయవాడలో పేరున్న కాలేజీలో సీటు వచ్చింది. దంపతులిద్దరూ వెళ్లి హాస్టల్లో దింపి వచ్చారు. హాస్టల్లో కూడా రెండంతస్తుల మంచాలే, కానీ అక్కడ అన్ని అంతస్తుల్లోనూ రెండోవాళ్లే ఉన్నారు కాబట్టి భయం లేదని వార్డెను చెప్పింది. మేదిని పేరు మీద సర్టిఫికెట్ ఒక్కటే వచ్చింది. అది విజయవాడ వెళ్లింది. ఇక్కడున్న మేదినిని తణుకులోనే ఇంటర్లో చేర్చడానికి వేదాద్రి రెండు కాలేజీలకు వెళ్లాడు. మీ అమ్మాయి ఇప్పటికే చదువుతోంది కదండీ, అని వాళ్లు మర్యాదగానే చెప్పారు. కొన్నాళ్లు ఆగి మళ్లీ అడుగుదాం అనుకున్నాడు.

ఆ వారం మిల్లు యజమాని భార్యతో కలిసి, కాజాల పెట్టెతో ఇంటికి వచ్చాడు. మేదిని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"అమ్మాయేదయ్యా, చూసి పోదామని వచ్చాం," అన్నాడు యజమాని గ్లాసు అందుకుంటూ.

"విజయవాడలో దింపి వచ్చామండి, మొన్ననే," అన్నాడు వేదాద్రి.

"ఎన్ని మార్కులన్నావు?"

వేదాద్రి చెప్పాడు. సబ్జెక్టుల వారీగా చెప్పాడు. కోమలి మధ్యలో ఒకటి సరిచేసింది. యజమాని భార్య మేదిని వైపు చూసింది.

"మరి ఈ పిల్ల?"

"ఇంట్లో ఉంటుందండి," అన్నాడు వేదాద్రి.

అది అబద్ధం కాదు. మేదిని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. వాళ్లు వెళ్లాక కోమలి కాజాల పెట్టె మూత తీస్తూ, "అలా అన్నారేమండీ?" అంది.

"ఏమన్నాను?"

ఆయన స్థానంలో ఉంటే తానేమనేదో కోమలి ఒకసారి ఆలోచించుకుంది. కాజాలు డబ్బాలోకి సర్దింది.

తర్వాతి ఆదివారం కోమలి అక్కయ్య వాళ్లు వస్తున్నామని ఫోన్ చేశారు. వేదాద్రి హాల్లో కుర్చీలు సర్దుతున్నాడు. మేదిని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను వంటింట్లో ఉండనా నాన్నా?"

వేదాద్రి కుర్చీ పట్టుకుని కూతురి ముఖంలోకి చూశాడు. బాగానే ఉంది. బరువు కూడా తగ్గలేదు.

"ఉండమ్మా," అన్నాడు. "కాసేపే కదా."

ఆ వేసవి వాళ్లింటికి వచ్చేపోయేవాళ్లకు కొదవ లేకపోయింది.