ఒక ముఖ్య విషయంపై మహిళా సదస్సు

“మీటింగులోనే నా గుండె ఆగిపోతే ఎత్తకపొయ్యేదానికి ఆటో యాడ దొరుకుతాదో ఏందో!” అన్నది మీనాంబాళ్, ఇంకా చెప్పులైనా వేసుకోకముందే.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. బహిష్టు తప్పుతూ తప్పుతూ వచ్చి ఆగిపోయింది. అప్పటినుంచీ ఉన్నట్టుండి మెడ నుంచి నెత్తి దాకా సెగ లేస్తుంది, చెమటలు కారతాయి, గుండె దడదడలాడుతుంది. కూతురు దీక్షిత డిగ్రీ చేతికి వచ్చేదాకా తను బతకదని ఆమె ఎప్పుడో తీర్మానించుకుంది. ఇది జబ్బా, వయసా? ఆ ఒక్కటీ తేల్చుకుందామని అత్త అన్నమ్మాళ్‌ను వెంటబెట్టుకుని ముదలియార్‌పేట కల్యాణ మండపానికి బయలుదేరింది.

ఆ తమిళ ఊళ్ళో తెలుగు వర్తక సంఘంవారు స్త్రీల మేలు కోసం నడుం బిగించి ఉన్నారు. సదస్సు కమిటీలో తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ ఈ విషయంలో పండిపోయిన మగవారే. మెనోపాజ్ అని బ్యానరు మీద రాస్తే సభామర్యాద చెడుతుందని, ‘ఒక ముఖ్య విషయం’ అని హుందాగా రాయించారు. ఆ మాట మైకులో ఎవరి నోటా జారకుండా కార్యదర్శి బాలసుబ్రమణ్యాన్ని కాపలా ఉంచారు.

అధ్యక్షులు వరదరాజులు గారు ముప్పావు గంట ప్రసంగించారు. “స్త్రీ అంటే భూదేవి! ఎండ కాసిందని భూదేవి ఎవురికైనా చెప్పుకుందా?” చప్పట్లు మోగాయి. తర్వాత, అసలు విషయం చెప్పడానికి పిలిచిన డాక్టరమ్మకు ఉన్ని శాలువా కప్పారు. మిగిలిన శాలువాలు కమిటీవారు ఒకరికొకరు కప్పుకునేసరికి డాక్టరమ్మకు డ్యూటీ వేళ అయింది. “అంతా పుస్తకంలో రాసిచ్చినాను, చదువుకోండి” అని ఆమె వెళ్ళిపోయింది.

పుస్తకం నిజంగానే అచ్చయింది. తెలుగు సంఘం పరువు నిలబడాలని నెల్లూరు పండితుడి చేత అచ్చ తెలుగులోకి మార్పించి మరీ అచ్చు వేయించారు. హాల్లో ఉన్నవాళ్ళంతా తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నవాళ్ళు. ఇంట్లో తెలుగు దంచేస్తారు గాని తెలుగక్షరం ఒక్కటీ చదవలేరు. అయినా భాషాభిమానానికి లోటు రానివ్వలేదు. పుస్తకాన్ని కళ్ళకద్దుకుని సంచుల్లో పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే మీనాంబాళ్‌కు సెగ లేచింది. సెగతోపాటు ఆమె కూడా లేచింది.

“అన్నా, ఒళ్ళంతా కాగతా ఉండాది. నేను సచ్చిపోతానా, బతుకుతానా? దీంట్లో ఏం రాసుండారో కొంచెం చదివి చెప్పండి.”

వరదరాజులు గారు పుస్తకం విప్పారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇంకోసారి తుడుచుకుని, పుస్తకాన్ని కార్యదర్శికి అందించారు. అది తొమ్మిది చేతులూ మర్యాదగా తిరిగి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది.

“అక్షరాలు శానా అందంగా ఉండాయమ్మా” అన్నారాయన.

అక్కడున్న ఆడవాళ్ళలో సగంమంది ఆ సెగ దాటి వచ్చినవాళ్ళే. అందరూ తమ కాలివేళ్ళు ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నారు.

పక్క కుర్చీలోంచి అన్నమ్మాళ్ నోరు తెరిచింది.

“సావవులే, కూసో. నాకు ఐదేండ్లు కాగింది, మా అమ్మకు ఏడు. తడిగుడ్డ కప్పుకోని పొణుకుంటిమి. రేపు డాక్టరమ్మకాడికి పోదాం. ఇరవై రెండేండ్లుగా ఒకే ఇంట్లో ఉండాం గదా, ముందే చెప్పాలనే అనుకుంటి. మనమెందుకులే, ఎవురో ఒకరు మీటింగు పెట్టి చెప్తారులే అని ఊరుకుంటి.”