నేల మీంచి లేచే పద్ధతి

ఆ రోజు పొద్దున్న ప్రూఫ్‌రీడర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. అపార్ట్‌మెంటు కింది హాల్లో ఉన్న నోటీసు బోర్డుకి ఒక కాగితం గుచ్చి, ఎవరి కంటా పడకుండా మూడో అంతస్తుకి వచ్చేయాలి. కాగితంలో రెండే వాక్యాలున్నాయి. "చదరంగం ఆడేవారు ఎవరైనా ఉంటే 304కి రావచ్చు. ఆట సరిగా రాకపోయినా ఫరవాలేదు." ముప్పై ఒక్కేళ్లు అచ్చాఫీసులో ఊరందరి తప్పులూ దిద్దిన మనిషికి ఆ రెండు వాక్యాలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ సంగతి గుర్తు రాలేదు, రిటైరైన ఏడు నెలల్లో బాగా గుర్తొచ్చింది. కిందటి వారం అక్క ఫోన్ చేసి, "గొంతు అలా ఉందేంరా, జలుబు చేసిందా?" అని అడిగింది. జలుబు కాదు. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడక గొంతు పట్టేసింది. ఆ మాట అక్కకు చెప్పలేక జలుబే అన్నాడు. ఆవిడ మందులు కూడా చెప్పింది.

హాల్లో ఎవరూ లేరు. కాగితం బోర్డుకి ఆనించి గుచ్చబోతుంటే పిన్ను జారి కింద పడింది. తీయడానికి వంగాడు. నడుం పట్టేసింది. పైకి లేవలేక, అలాగే నిలబడలేక, మెల్లమెల్లగా జారి నేల మీద వెల్లకిలా సర్దుకున్నాడు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తూ ఊపిరి నెమ్మదిగా పీలుస్తున్నాడు. గట్టిగా పీలిస్తే ప్రాణం పోతోంది మరి.

హాలు పక్క ఫ్లాటులో ఉండే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ కుండీలకు నీళ్లు పోయడానికి మగ్గుతో వచ్చింది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

పిన్ను కోసం వంగి పడిపోయానని ఒక హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పుకోవాలంటే ఆయనకు ఇంత బతుకూ బతికి ఇంటి వెనక చచ్చినట్టు అనిపించింది.

"లేదండీ. యోగా," అన్నాడు.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పక్కన నేలను కూడా చూసింది. మగ్గు కిటికీలో పెట్టి, "నేనూ చేయొచ్చా?" అని అడిగింది. వద్దనడానికి ఆయనకు ఊపిరి అందలేదు. ఆవిడ పక్కనే చోటు చూసుకుని పడుకుంది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఆ రోజు లిఫ్టు మెకానిక్ వచ్చే రోజు. అతను లిఫ్టు ఆపేసి, ఎవరి చేతైనా సంతకం పెట్టించుకుందామని హాల్లోకి వచ్చి, ఇద్దరు పెద్దవాళ్లు నేల మీద పడుకుని ఉండటం చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"యోగా. చప్పుడు చేయకు నాయనా."

ఇలా పడుకోవడం కూడా ఒక పనేనని అతనికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. పానాల సంచి తల కింద పెట్టుకుని అతనూ చేరాడు. లిఫ్టు ఆగడంతో ఐదో అంతస్తు వాళ్లు మెట్లు దిగి, మోకాళ్లు పట్టుకుని రొప్పుతూ వచ్చారు. పడుకున్న ముగ్గురినీ చూసి ఇదేదో తమకోసమే పెట్టారనుకున్నారు. వాళ్ల వెనక నాలుగో అంతస్తు దిగింది. ఏడు గంటలకల్లా పదకొండు మందయ్యారు.

ఇక లేవక తప్పదు. ఆయన ఎడమ మోకాలు మడిచాడు. చుట్టూ పది ఎడమ మోకాళ్లు మడుచుకున్నాయి. నొప్పికి "దేవుడా" అన్నాడు. పది గొంతులు "దేవుడా" అన్నాయి. ఆయన పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద ఆగి, "తొందరేం లేదు, నొప్పి దగ్గర ఆగు" అని తనకు తాను చెప్పుకున్నాడు. అందరూ ఆగారు. నిలబడేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. మెకానిక్ మాత్రం లేవలేదు, మధ్యలోనే నిద్రపోయి గుర్రు పెడుతున్నాడు.

లిఫ్టు ఆపిందెవరని కేకలేస్తూ వచ్చిన అసోసియేషన్ సెక్రటరీ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంత విద్య దగ్గర పెట్టుకుని చెప్పరేంటి మాస్టారూ?"

ఆయన చెప్పేలోపే సెక్రటరీ పెద్ద కాగితం తెచ్చి బోర్డుకి గుచ్చేశాడు. "యోగా. రోజూ ఆరున్నరకు. గురువు: 304." చదరంగం కాగితం ఎక్కడా కనిపించలేదు. చెత్తలో పోయి ఉంటుందనుకున్నాడు.

మర్నాడు నిజం చెప్పేద్దామనే దిగాడు. హాల్లో పదహారు మంది దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. "గుడ్మార్నింగ్ మాస్టారూ" అన్నారు. ఏడు నెలల్లో ఆయనకు ఆ మాట చెప్పిన మనిషి లేడు. నిజం గొంతుదాకా వచ్చింది. చెప్తే వీళ్లు దుప్పట్లు చుట్టుకుని పోతారు, మళ్లీ 304, మళ్లీ జలుబు. ఆయన మెల్లగా నేల మీద పడుకున్నాడు.

అప్పట్నుంచి రోజూ అదే పాఠం. పడుకోవడం, నెమ్మదిగా ఊపిరి పీల్చడం, దేవుడా అనడం, లేవడం. "మిగతా గురువులు తిప్పి తిప్పి చంపేస్తారండీ. ఈయన ఆగుతారు," అని శిష్యులు చెప్పుకున్నారు. మెకానిక్ పని లేని రోజు కూడా వస్తున్నాడు.

పన్నెండో రోజుకి అసలు చిక్కు వచ్చింది. నడుం నయమైపోయింది. ఆలోచించకుండా రెండు నిమిషాల్లో లేచి నిలబడ్డాడు. నేల మీంచి పదహారు మంది గుడ్లప్పగించి చూశారు. "మాస్టారికి మనమీద కోపం వచ్చింది," అని తేల్చుకున్నారు. మర్నాడు ఆయన లేని నొప్పి తెచ్చుకుని మూలగవలసి వచ్చింది. అది ఉన్న నొప్పికంటే కష్టంగా ఉంది.

సెక్రటరీ ఊరుకోలేదు. ఒక పత్రికమ్మాయిని పిలిపించాడు. యోగా గురువులు తమ దారి ఎలా కనుక్కున్నారో ఆ అమ్మాయి వరసగా రాస్తోందట. అందరి మధ్యా కూర్చుని ఫోన్ ముందు పెట్టింది.

"మీ గురువుగారు ఎవరండీ? మీరు యోగాలోకి ఎలా వచ్చారు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. శిష్యులు అది కూడా పాఠమేననుకుని కళ్లు మూసుకున్నారు. ఆ మూసిన కళ్లు చూసి ఆయన ఇక ఆగలేకపోయాడు.

"నేను ప్రూఫ్‌రీడర్నమ్మా. పిన్ను కోసం వంగితే నడుం పట్టేసింది. సిగ్గేసి యోగా అన్నాను. అంతే."

"మరి రోజూ వీళ్లందరి చేత చేయిస్తున్నదేంటి?" అన్నాడు సెక్రటరీ.

"నేల మీంచి లేవడం. నాకొచ్చింది అదొక్కటే."

ఒకరిద్దరు దుప్పట్లు మడవసాగారు. సెక్రటరీ ఎర్రబడ్డ మొహంతో బోర్డు దగ్గరకు వెళ్లి కాగితాన్ని ఒక్క లాగు లాగాడు. పిన్ను ఎగిరి కింద పడింది. తీద్దామని వంగాడు.

"దేవుడా," అన్నాడు. మళ్లీ లేవలేదు.

"కదలొద్దు," అని ప్రూఫ్‌రీడర్ పరుగున వెళ్లాడు. "లాగితే ఇంకా పట్టేస్తుంది. మెల్లగా వాలండి. నొప్పి దగ్గర ఆగండి, తొందరేం లేదు." సెక్రటరీ వాలాడు. ఆయనకు చూపించడానికి ప్రూఫ్‌రీడర్ పక్కన పడుకున్నాడు. మడుస్తున్న దుప్పట్లు మళ్లీ పరుచుకున్నాయి. పత్రికమ్మాయి అటూ ఇటూ చూసి, తనూ పడుకుంది.

పక్కనుంచి హెడ్‌మిస్ట్రెస్ నాలుగు మడతల కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టింది. విప్పకముందే అదేమిటో ఆయనకు తెలిసింది.

"ఆ రోజు మీ పక్కనే పడి ఉంది. చెప్పులేసుకుని, జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని ఎవరైనా యోగా చేస్తారా మాస్టారూ?"

"మరి నన్ను లేపలేదేం?"

"లేపితే థాంక్స్ చెప్పి మీ ఇంటికి మీరు వెళ్లిపోయేవారు. నేనూ మా ఇంట్లోకి పోయేదాన్ని. చదరంగం నాకు రాదు. పడుకోవడం వచ్చు కదా అనిపించింది."

ఆయన ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు చెవుల్లోకి జారాయి, తుడుచుకోలేదు. అవతల సెక్రటరీ ఎడమ మోకాలు మడవాలా కుడిదా అని అడుగుతున్నాడు.

తర్వాతి వారం పత్రిక వచ్చింది. ఫొటో కింద "యోగా గురువు" అని అచ్చయింది. ఆయన అలవాటుగా ఎర్ర పెన్ను తీసి, రెండుసార్లు చదివి, మూత పెట్టేశాడు. ముప్పై ఒక్కేళ్లలో ఆయన తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే.